కలం నుంచి తెర దాకా: సర్వర్ అమరికల్లోనూ భూమి రికార్డుల్లోనూ దిద్దుబాటు అధికారం – సోమశిల ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం:

సర్వర్ అమరికలను పాఠ్య దస్త్రంలో నేరుగా చేత్తో దిద్దడం మేలా, వెబ్ కంట్రోల్ ప్యానెల్ ద్వారా మార్చడం మేలా అన్న చర్చ సాధారణంగా నైపుణ్యం, సౌకర్యం అనే రెండు మాటల చుట్టూ తిరుగుతుంది. ఈ వ్యాసం ఆ చర్చను దిద్దుబాటు అధికార చరిత్రగా పరిశీలిస్తుంది. తెర వచ్చినంత మాత్రాన దస్త్రం పోదని, దాన్ని దిద్దే అధికారం మాత్రం తెరను రూపొందించినవారికి బదిలీ అవుతుందని ప్రతిపాదిస్తుంది. సర్వర్ నిర్వహణ చరిత్ర నుంచి మూడు ప్రమాణాలను గ్రహించి, వాటితో సోమశిల పరిసరాలు సహా పూర్వ పాలమూరు ప్రాంతపు భూమి రికార్డులు పహాణీ నుంచి ధరణికి, ధరణి నుంచి భూభారతికి సాగిన క్రమాన్ని వివేచిస్తుంది.

కీలకపదాలు: అమరిక దస్త్రం, కంట్రోల్ ప్యానెల్, పహాణీ, పట్వారీ, ధరణి, భూభారతి, సోమశిల.

1. ఉపోద్ఘాతం:

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలో కృష్ణానది ఒడ్డున ఉన్న సోమశిల నేడు పర్యాటక స్థలంగా ప్రసిద్ధం. అక్కడ కనుచూపు మేర కనిపించే నీరు శ్రీశైలం జలాశయపు వెనుక జలం. ముంపు కారణంగా అక్కడి లలితా సోమేశ్వరాలయ సముదాయాన్ని మెరకకు తరలించి మళ్లీ నిలబెట్టారు. ఇదే జలాశయం వల్ల ముంపునకు గురైన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ సంఖ్య వేసి విప్పి, అలంపురంలో తిరిగి కూర్చారు. రాయికి సంఖ్య వేయడంలో ఒక ముందుచూపు ఉంది. కొత్త చోట కూర్పులో తప్పు జరిగితే, ఏ రాయి ఎక్కడిదో వెనక్కి వెళ్లి చూసుకునే వీలు మిగులుతుంది.

గుడులను తరలించిన ఈ ప్రాంతంలోనే ఆ తరువాతి కాలంలో మరో పెద్ద తరలింపు జరిగింది. తరతరాలుగా చేతిరాతలో సాగిన భూమి రికార్డు వెబ్ పోర్టల్‌లోకి మారింది. రాళ్ల విషయంలో తీసుకున్న జాగ్రత్త రాతల విషయంలో ఎంతవరకు తీసుకున్నారన్నది ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న.

ఈ ప్రశ్న భూపరిపాలనకే పరిమితం కాదు. కంప్యూటర్ సర్వర్లను నడిపేవారు మూడు దశాబ్దాలకు పైగా ఇదే ప్రశ్నను వేరే రూపంలో ఎదుర్కొంటున్నారు. సర్వర్ ఎలా నడవాలో చెప్పే అమరిక దస్త్రాన్ని తెరచి చేత్తో దిద్దాలా, లేక వెబ్ పుటలో గడులు నింపి మీటలు నొక్కి మార్చాలా అన్నది వారి ముందున్న ప్రశ్న. దస్త్రం అన్న మాటే ఈ రెండు రంగాలనూ కలుపుతుంది. రెవెన్యూ కచేరీల్లో కాగితాల కట్టకు వాడిన ఆ పదాన్నే తెలుగు వికీపీడియా కంప్యూటర్ ఫైలుకు పేరుగా స్వీకరించింది. పదం ఒకటే అయినప్పుడు, ఒక రంగంలో నేర్చుకున్న పాఠం రెండో రంగానికి ఎంతవరకు ఉపకరిస్తుందో చూడటం సమంజసం.

2. చేతి దిద్దుబాటు కాలం:

1969లో బెల్ లాబ్స్‌లో రూపుదిద్దుకోవడం మొదలైన యునిక్స్, పాలనకు సంబంధించిన సమాచారాన్ని చాలావరకు సాదా పాఠ్యంగా దాచుకుంది. వాడుకరుల పట్టిక, సేవల పట్టిక, యంత్రాల పేర్లు అన్నీ మనిషి చదవగల వరుసలే. వాటిని దిద్దడానికి ప్రత్యేక ఉపకరణం అక్కరలేదు. 1976లో బిల్ జాయ్ రాసిన వీఐ వంటి ఎడిటర్, తగిన అనుమతి ఉంటే చాలు.

ఈ పద్ధతికి రెండు బలాలు ఉన్నాయి. దస్త్రంలో ఉన్నదే సత్యం, దాని వెనుక మరో ప్రతి లేదు. అంతేకాక, ప్రతి వరుస పక్కన నిర్వాహకుడు వ్యాఖ్య రాసుకోవచ్చు. ఒక అమరిక ఎందుకు మారిందో, ఎవరి కోరిక మీద మారిందో, ఎప్పుడు తీసివేయాలో చెప్పే ఆ వ్యాఖ్యలను యంత్రం పట్టించుకోదు. తరువాత వచ్చే నిర్వాహకుడికి మాత్రం సగం చరిత్ర వాటిలోనే దొరుకుతుంది.

బలహీనతలూ అంతే స్పష్టం. 1983 నాటి సెండ్‌మెయిల్ అనే ఉత్తరాల సర్వర్ అమరిక దస్త్రం ఎంత దుర్గ్రహంగా ఉండేదంటే, దాన్ని నేరుగా రాయడం మాని, ఎం4 అనే స్థూలభాషలో క్లుప్తంగా రాసి యంత్రం చేత విస్తరింపజేసుకునే పద్ధతి స్థిరపడింది. డొమైన్ పేర్ల పట్టికలో పేరు చివర ఒక్క చుక్క మరచిపోతే, ఆ పేరుకు డొమైన్ పేరు రెండోసారి వచ్చి చేరుతుంది. ఒక్క చుక్క లోపం వల్ల సంస్థ ఉత్తరాలన్నీ దారి తప్పవచ్చు. అన్నిటికీ మించి, రూట్ ఖాతా చేతిలో ఉన్న వ్యక్తి ఏ వరుసనైనా జాడ లేకుండా మార్చగలడు.

అయితే చేతి దిద్దుబాటు అంటే కట్టుబాట్లు లేని దిద్దుబాటు అనుకోవడం పొరపాటు. వాడుకరుల పట్టికను తెరవడానికి వీఐపీడబ్ల్యూ అనే ఆదేశం ఉంది. ఒకరు దిద్దుతుండగా మరొకరు దిద్దకుండా అది తాళం వేస్తుంది. అధికారాల పంపిణీని చెప్పే దస్త్రానికి వీఐసుడో ఉంది. రాతలో దోషం ఉంటే ఆ మార్పును అమల్లోకి రానివ్వదు. అపాచీ వెబ్ సర్వర్ తన దస్త్రాన్ని ముందే పరీక్షించుకునే ఆదేశాన్ని అందిస్తుంది. చేతిని నమ్ముతూనే చేతికి కాపలా పెట్టిన పద్ధతులివి.

తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. అపాచీ 2.0 తొలి విడుదలల్లో, పుటలన్నీ పశ్చిమ ఐరోపా భాషల ఐఎస్ఓ-8859-1 అక్షరసమితిలో ఉన్నట్లు ప్రకటించే వరుస ముందే చేర్చి ఉండేది. సర్వర్ చేసిన ప్రకటనకు పుట లోపలి ప్రకటన కన్నా ఎక్కువ విలువ ఉంటుంది కనుక, యూనికోడ్ తెలుగులో శుద్ధంగా రాసిన పుట కూడా బ్రౌజర్‌లో అర్థంలేని లాటిన్ గుర్తులుగా కనబడేది. రాసినవారి తప్పు లేదు, చదివేవారి తప్పూ లేదు. అమరిక దస్త్రంలో ఒక్క వరుస మారిస్తే తెలుగు తెలుగుగా కనబడేది. ఆ వరుసను మార్చే వీలు ఎవరికి ఉందన్నదే ప్రశ్న.

3. కంట్రోల్ ప్యానెళ్ల రాక:

దస్త్రానికి ముందు ఒక తెర నిలపాలన్న ఆలోచన వెబ్ కన్నా పాతది. ఐబీఎం 1990లో ఏఐఎక్స్ వ్యవస్థతో పాటు స్మిట్ అనే నిర్వహణ పట్టికను అందించింది. వెబ్ విస్తరించాక ఆ ఆలోచన బ్రౌజర్‌లోకి వచ్చింది. 1996లో నిక్ కోస్టన్ సీప్యానెల్‌ను, 1997లో జేమీ కామెరాన్ వెబ్‌మిన్‌ను వెలువరించారు. సాంబా అనే ఫైళ్ల పంపిణీ సర్వర్‌కు స్వాట్ పేరిట సొంత వెబ్ ప్యానెల్ ఉండేది.

వీటి వెనుక ఆర్థిక కారణం బలమైనది. ఒకే సర్వర్‌ను వందల ఖాతాదారులు పంచుకునే షేర్డ్ హోస్టింగ్ వ్యాపారంలో ప్రతి చిన్న మార్పుకూ నిర్వాహకుడు దస్త్రం తెరవడం సాధ్యం కాదు. ఖాతాదారులకు రూట్ అధికారం ఇవ్వడం అంతకన్నా సాధ్యం కాదు. ఉత్తరాల పెట్టె తెరవడం, ఉప డొమైన్ చేర్చడం, డేటాబేస్ సృష్టించడం వంటి పనులను ఎవరి హద్దులో వారే చేసుకునేలా ప్యానెల్ వీలు కల్పించింది.

ఈ మేలును తక్కువ చేసి చూడటం న్యాయం కాదు. సర్వర్ శాస్త్రం చదవని సంపాదకుడు తన పత్రికను వెబ్‌లో నిలపగలగడానికి, ఇంజినీరు లేని చిన్న కళాశాల తన పుటను తానే నడుపుకోవడానికి ఇటువంటి తెరలే ఆధారం. చేతి దిద్దుబాటు కొద్దిమంది విద్యగా ఉన్న చోట ప్యానెల్ చాలామందికి ప్రవేశం కల్పించింది. కనుక ప్యానెల్‌పై చర్చను నిపుణుడి గర్వంగానో, అనిపుణుడి సోమరితనంగానో కుదించలేము.

4. రెండు రకాల తెరలు – మూడు ప్రమాణాలు:

ప్యానెళ్లన్నీ దస్త్రాన్ని ఒకే తీరుగా చూడలేదు. ఈ తేడాలోనే అసలు చరిత్ర ఉంది.

స్వాట్ ద్వారా ఒక అమరికను మార్చి భద్రపరిస్తే, అది దస్త్రాన్ని మొత్తంగా తిరగరాసేది. వరుసల క్రమం మారేది, నిర్వాహకుడు రాసుకున్న వ్యాఖ్యలన్నీ తొలగిపోయేవి, ఇతర దస్త్రాలను కలుపుకునే వరుసలూ పోయేవి. ఈ విషయాన్ని సాంబా ప్రాజెక్టు తన పత్రాల్లో హెచ్చరికగా చెప్పింది. సాంబా 4.1 నుంచి, అంటే 2013లో, స్వాట్‌ను తొలగించారు. దీనికి భిన్నంగా వెబ్‌మిన్ మారిన వరుసలనే మార్చి, తనకు తెలియని వరుసలనూ వ్యాఖ్యలనూ ఉన్నవి ఉన్నట్లు వదిలిపెట్టేలా రూపొందింది. ఉదయం చేత్తో దిద్దిన దస్త్రాన్ని మధ్యాహ్నం తెరలో తెరిచినా, సాయంత్రం మళ్లీ చేత్తో దిద్దినా పని సాగుతుంది.

స్మిట్‌లో మరో గుణం ఉంది. పట్టికలో ఒక పని ఎంచుకుంటే, దాని కోసం లోపల నడిచిన ఆదేశాలను అది ఒక దస్త్రంలో రాసిపెడుతుంది. తెర వాడిన వ్యక్తి ఆ దస్త్రాన్ని చదివి, తెర లేకుండానే ఆ పని ఎలా చేయాలో నేర్చుకోగలడు. సీప్యానెల్ మూడో మార్గం పట్టింది. అపాచీ దస్త్రాన్ని అది తన మూసల నుంచి తానే తయారుచేస్తుంది. అందులో నేరుగా చేసిన మార్పు తరువాతి తయారీలో పోవచ్చునని ముందే హెచ్చరిస్తుంది. అయితే తెరపై లేని అమరికలను చేర్చుకోవడానికి వేరే దస్త్రాలను విడిగా కేటాయించింది.

ఈ నాలుగు ఉదాహరణల నుంచి మూడు ప్రమాణాలు తేలుతాయి. ఒకటి, సంరక్షణ: తనకు అర్థంకాని పాత రాతను తెర కాపాడుతుందా? రెండు, జాడ: జరిగిన మార్పు ఏమిటో, ఎందుకో తరువాతివారు చదవగలరా? మూడు, పక్కదారి: తెరపై మీట లేని అవసరానికి చట్టబద్ధమైన మార్గం ఉందా? మంచి తెర ఈ మూడింటికీ సమాధానం చెబుతుంది. వీటిలో ఏది లోపించినా తెర సౌకర్యం ఇస్తూనే అధికారాన్ని తీసుకుపోతుంది.

తెర తనకు తానుగా భద్రతను కూడా ఇవ్వదు. 2019లో వెబ్‌మిన్ 1.890 విడుదలలో ఒక దొంగదారి బయటపడింది. అది బహిరంగ మూలకోడ్‌లో లేదు. విడుదలను తయారుచేసే యంత్రంలోకి చొరబడినవారు దాన్ని చేర్చారు. చేతిపై నమ్మకాన్ని తెరపైకి మార్చినప్పుడు, తెరను తయారుచేసే చేతులపై నిఘా కూడా అవసరమని ఆ ఘటన తెలిపింది.

5. మళ్లీ పాఠ్యం వైపు:

సర్వర్ల సంఖ్య పెరిగేకొద్దీ రెండు పద్ధతులకూ పరిమితులు ఎదురయ్యాయి. వెయ్యి యంత్రాల దస్త్రాలను చేత్తో దిద్దలేము. వెయ్యి ప్యానెళ్లలో మీటలు నొక్కలేము. 1993లో నార్వేలో మార్క్ బర్జెస్ ప్రారంభించిన సీఎఫ్ఇంజిన్, 2005లో పపెట్, 2012లో ఆన్సిబుల్ ఒక మధ్యేమార్గాన్ని చూపాయి. యంత్రాలు ఎలా ఉండాలో మనిషి పాఠ్యంలో రాస్తాడు, దాన్ని అమలు చేసే పని యంత్రం చూసుకుంటుంది. 2005లో వచ్చిన గిట్ వంటి పద్ధతులు ఆ పాఠ్యంలో ఎవరు, ఎప్పుడు, ఏ కారణం చెప్పి ఏ వరుస మార్చారో దాచిపెడతాయి. పొరపాటు జరిగితే మునుపటి రూపానికి వెనుదిరగవచ్చు.

ప్యానెళ్లు దీనితో అంతరించలేదు. చిన్న వాడుకరులకు అవి నేటికీ అవసరమే. కానీ పెద్ద వ్యవస్థల్లో మనిషి చదవగల పాఠ్యమే మళ్లీ ప్రమాణమైంది. ఈసారి అది ఒంటరి నిర్వాహకుడి రహస్య దస్త్రం కాదు. పలువురు చదివి, ప్రశ్నించి, ఆమోదించే పాఠ్యం. సర్వర్ చరిత్ర ఇచ్చిన ప్రధానమైన పాఠం ఇదే.

6. సోమశిల ప్రాంతంలో చేతిరాత రికార్డు:

గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ కేంద్రంగా గల జటప్రోలు సంస్థానాలు నిజాం రాజ్యంలో అంతర్భాగంగా ఉంటూనే తమ రెవెన్యూ పాలనను తామే నడుపుకున్నవి. సోమశిల జటప్రోలు సంస్థాన పరిధిలోది. మొదటి సాలార్‌జంగ్ కాలంలో 1865 నాటి జిలాబందీతో మొదలైన సంస్కరణలు దివానీ ప్రాంతాల్లో సర్వేకు, బందోబస్తుకు దారి తీశాయి. తొలి సర్వే అనంతరం రూపొందిన సేత్వారు మూల రికార్డుగా నిలిచింది. 1317 ఫసలీలో, అంటే 1907లో, హైదరాబాదు భూమి శిస్తు చట్టం వచ్చింది. 1949లో జాగీర్ల రద్దుతో సంస్థాన ప్రాంతాలు దివానీలో కలిశాయి. 1954–55లో తయారైన ఖాస్రా పహాణీ నేటికీ భూవివాదాల్లో ముఖ్యమైన ఆధారం.

ఆ తరువాత ఏటేటా గ్రామంలో పహాణీ రాసేవారు పట్వారీలు. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు, అనుభవదారు, పంట, నీటి వసతి, చివర కైఫియతు, అంటే రిమార్కులు. వీటిలో అనుభవదారు గడి, రిమార్కుల గడి ప్రత్యేకంగా గమనించదగినవి. కాగితంపై పట్టా ఒకరిదై, పొలంలో నాగలి మరొకరిదైనప్పుడు ఆ తేడా నమోదయ్యే చోటు అదే. అమరిక దస్త్రంలో వ్యాఖ్యకు ఉన్న పాత్ర పహాణీలో రిమార్కుకు ఉండేది.

ఈ గడుల అవసరం సోమశిల పరిసరాల్లో మరీ ఎక్కువ. 1963 జూలై 24న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టు, 1980ల ఆరంభంలో నీరు నిలిచేనాటికి, నదికి ఇరువైపులా నూరుకు పైగా గ్రామాలను ముంచింది. జలాశయపు పూర్తి మట్టం 885 అడుగులు. నేలను కొలిచి వేసిన సర్వే నంబరు హద్దు నీటిమట్టాన్ని అనుసరించదు. ఒకే సర్వే నంబరులో కొంత భాగం ప్రాజెక్టుకు పోయి, కొంత పట్టాగా మిగిలే పరిస్థితి ముంపు అంచుల్లో సహజం. దీనికి పాలమూరు వలసలు తోడయ్యాయి. ఊరు వదిలి దూరప్రాంతాల పనులకు వెళ్లిన కుటుంబాల భూమిని మరొకరు సాగుచేయడం, సాదా బైనామాపై, అంటే రిజిస్టర్ కాని తెల్లకాగితపు ఒప్పందంపై భూమి చేతులు మారడం ఇక్కడి సామాజిక వాస్తవాలు.

చేతిరాత వ్యవస్థను ఆదర్శంగా చూపడం చరిత్రకు ద్రోహం అవుతుంది. రికార్డు పట్వారీ ఇంట్లో ఉండేది. ఆయన రాసిందే రాత. చదువురాని రైతుకు తన పేరు పహాణీలో ఉందో లేదో తెలుసుకోవడానికి ఆయన దయ తప్ప మరో దారి లేదు. రూట్ ఖాతాకు సర్వర్‌పై ఎటువంటి అధికారం ఉందో పట్వారీ కలానికి ఊరిపై అటువంటి అధికారం ఉండేది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసినప్పుడు తెలంగాణ పల్లెల్లో లభించిన ఆదరణకు కారణం ఇదే. అయితే కాపలా పద్ధతులు కూడా చట్టంలో ఉండేవి. 1971 నాటి పట్టాదారు పాసు పుస్తకాల చట్టం మార్పుకు నోటీసు, విచారణ, అప్పీలు, రివిజన్ అనే మెట్లను కల్పించింది. వాటి అమలులో లోపాలు ఎన్ని ఉన్నా మెట్లు ఉన్నాయి.

7. ధరణి:

రికార్డుకు తెర నిలిపే ప్రయత్నం ధరణితో మొదలవలేదు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో కార్డ్ పథకాన్ని ప్రవేశపెట్టింది. గద్వాలకు పొరుగున ఉన్న రాయచూరు సహా కర్ణాటకలో 2000 ప్రాంతంలో భూమి పథకం అమలై, చేతిరాత ప్రతులకు చెల్లుబాటు లేకుండా చేసింది. తెలంగాణలో 2017 సెప్టెంబర్ 15న భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. వివాదం లేని ఖాతాలను పార్ట్-ఎగా, వివాదం ఉన్నవాటిని పార్ట్-బిగా విభజించారు. 2018 మేలో కొత్త పాసు పుస్తకాలతో పాటు రైతుబంధు సాయం మొదలైంది. పుస్తకం ఉన్నవారికి సాయం, లేనివారికి ఎదురుచూపు. రికార్డులోని ఒక్కో వరుసకు అంతకు ముందు లేని ఆర్థిక విలువ వచ్చింది.

2020 సెప్టెంబర్ 7న గ్రామ రెవెన్యూ అధికారుల వద్ద ఉన్న రికార్డులను స్వాధీనం చేసుకోవాలని కలెక్టర్లకు ఆదేశాలు అందాయి. ఆ పదవులు రద్దయ్యాయి. కొత్త భూహక్కుల చట్టంతో పాటు ధరణి పోర్టల్ 2020 అక్టోబర్ 29న ప్రారంభమైంది. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్‌ను తహసీల్దారుకు అప్పగించి, రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే పూటలో జరిగేలా చేశారు. వివాదం లేని పట్టా ఉన్న రైతుకు ఇది నిజమైన మేలు. ముందుగా సమయం నిర్ణయించుకుని వెళ్లి, అమ్మకం ముగించి, అదే రోజు పేరు మార్పించుకోగలగడం పాత కాలంలో ఊహించలేనిది. చేతిరాత కాలపు జాప్యాన్నీ, దొంగరాతనూ అరికట్టాలన్న ఉద్దేశాన్ని శంకించనక్కరలేదు.

మూడు ప్రమాణాలతో చూస్తే లోపాలు స్పష్టమవుతాయి. మొదటిది సంరక్షణ. కొత్త రికార్డులో అనుభవదారు గడికి చోటు దక్కలేదు. పట్టాదారు మిగిలాడు, సాగుదారు కనుమరుగయ్యాడు. దస్త్రాన్ని తిరగరాస్తూ వ్యాఖ్యలను తుడిచివేసిన స్వాట్ తీరుకు ఇది దగ్గరగా ఉంది. తేడా ఒక్కటే. అక్కడ పోయింది నిర్వాహకుడి జ్ఞాపకం, ఇక్కడ పోయింది సాగు చేసిన మనిషి ఉనికికి రుజువు.

రెండోది జాడ. పోర్టల్‌లో జరిగే లావాదేవీకి వేలిముద్ర, తేదీ, సమయం ఉంటాయి. కానీ పాత పహాణీ నుంచి కొత్త ఖాతాలోకి వచ్చే దశలో విస్తీర్ణం ఎందుకు తగ్గిందో, సర్వే నంబరు ఎందుకు జారిపోయిందో రైతుకు కనిపించే తెర చెప్పదు. రాళ్లకు వేసినట్లు రాతలకు సంఖ్యలు వేయలేదు.

మూడోది పక్కదారి. పోర్టల్‌లో ప్రతి అవసరానికీ ఒక మాడ్యూల్ ఉండాలి. మాడ్యూల్ లేని సమస్య సమస్యగానే నమోదు కాదు. తప్పు తన కళ్లెదుట ఉన్నా దిద్దే అధికారం తహసీల్దారుకు లేదు. కొత్త చట్టంలో పాత అప్పీలు, రివిజన్ మెట్లు కూడా లేవు. మిగిలింది సివిల్ కోర్టు. ఫిర్యాదులు పెరిగేకొద్దీ కొత్త మాడ్యూళ్లు చేరాయి. పాసు పుస్తకంలోని తప్పుల సవరణకు వచ్చిన టీఎం-33 వాటిలో ప్రసిద్ధమైనది. పల్లెల్లో రైతులు తమ కష్టాన్ని మాడ్యూల్ సంఖ్యతో చెప్పుకోవడం మొదలైంది. పాలనా భాషలో ఇంత త్వరగా వచ్చిన మార్పు అరుదు.

ముంపు అంచున ఉన్న ఒక రైతును ఊహించవచ్చు. ఆయన సర్వే నంబరులో సగం జలాశయానికి పోయింది, సగం ఆయన పేరనే ఉంది. పట్వారీ కాలంలో ఆయనకు పట్వారీ భయం ఉంది. అయినా రిమార్కుల గడిలో రెండు ముక్కల సంగతీ రాయడానికి చోటుంది. ఒక సర్వే నంబరులో కొంత భూమి ప్రభుత్వానిదైతే మొత్తం నంబరును నిషేధిత జాబితాలో చేర్చిన ఉదంతాలు ధరణి కాలంలో రాష్ట్రవ్యాప్తంగా వెలుగు చూశాయి. అటువంటి చిక్కులో పడితే ఆయన భూమిని అమ్ముకోలేడు, బ్యాంకులో తాకట్టు పెట్టుకోలేడు. ఎదుట కూర్చున్న అధికారికి నిజం తెలుసు. తెరకు తెలియదు.

8. భూభారతి:

2024 ఫిబ్రవరి చివర వెలువడిన ఉత్తర్వులు కలెక్టర్ల వద్ద కేంద్రీకృతమైన దిద్దుబాటు అధికారాన్ని అదనపు కలెక్టర్లు, ఆర్డీవోలు, తహసీల్దార్ల దాకా పంచాయి. పోర్టల్ నిర్వహణ జాతీయ సమాచార కేంద్రానికి మారింది. 2025 నాటి భూభారతి చట్టం ధరణి కాలపు చట్టం స్థానంలో వచ్చింది. ఏప్రిల్ 14న ప్రారంభమై, తొలుత మద్దూరు, లింగంపేట, వెంకటాపూర్, నేలకొండపల్లి మండలాల్లో ప్రయోగాత్మకంగా అమలైంది. రికార్డు సవరణకు, అప్పీలుకు రెవెన్యూ వ్యవస్థలోనే మెట్లను పునరుద్ధరించింది. గ్రామ లెక్కల నిర్వహణకు చట్టంలో చోటు కల్పించింది. అదే ఏడాది గ్రామాలకు పాలనాధికారుల నియామకం జరిగింది.

తెరను తీసివేసి పట్వారీని తిరిగి పిలవలేదన్నది ఇక్కడ గమనించవలసిన అంశం. పోర్టల్ ఉంది. దానికి పక్కన విచారణ, కారణం చెప్పే ఉత్తర్వు, అప్పీలు నిలిచాయి. సర్వర్ నిర్వాహకులు రెండు దశాబ్దాల క్రితం పాఠ్యం వైపు మళ్లినప్పుడు సంపాదించుకున్నది కూడా ఇదే. యంత్రపు వేగాన్ని వదులుకోకుండానే మార్పుకు కారణం రాసే చోటును, వెనుదిరిగే వీలును వారు తిరిగి పొందారు.

సంరక్షణ ప్రమాణం మాత్రం ఇంకా పరీక్షలో ఉంది. ఒకసారి తుడిచిపెట్టిన వ్యాఖ్యను ఏ మీటా తిరిగి తేలేదు. దాన్ని పాత ప్రతి నుంచే తెచ్చుకోవాలి. అందువల్ల ఖాస్రా పహాణీ, సేత్వారు, పాత పహాణీల కాగితాలు పురావస్తువులు కావు. సర్వర్ భాషలో చెప్పాలంటే అవే బ్యాకప్. వాటిని ముద్రణ స్థాయిలో ప్రతిబింబించి, భద్రపరచి, పరిశోధకులకూ రైతులకూ అందుబాటులో ఉంచడం భూపరిపాలన బాధ్యత మాత్రమే కాదు, స్థానిక చరిత్ర రచనకు కూడా అవసరం.

9. ముగింపు:

సర్వర్ నిర్వహణ చరిత్రలో చేతి దిద్దుబాటు, కంట్రోల్ ప్యానెల్ పరస్పరం ఓడించుకున్న పద్ధతులు కావు. చేయి నేర్పిన జాగ్రత్తలను తెర నేర్చుకున్న చోట రెండూ కలిసి సాగాయి. నేర్చుకోని చోట తెర విఫలమైంది. పాత రాతను కాపాడటం, మార్పు జాడ నిలపడం, మీట లేని అవసరానికి దారి చూపడం అనే మూడు ప్రమాణాలు ఆ అనుభవ సారం.

తెలంగాణ భూమి రికార్డుల చరిత్ర ఇవే ప్రమాణాలను మరింత కఠినమైన పరిస్థితుల్లో నిరూపించింది. పట్వారీ కలం జాడలేని అధికారానికి గుర్తు. ధరణి తెర పక్కదారి లేని క్రమబద్ధతకు గుర్తు. సర్వర్ అమరిక తప్పితే పుట తెరుచుకోదు, నిర్వాహకుడు మర్నాడు దిద్దుతాడు. భూమి రికార్డు తప్పితే ఒక కుటుంబం రుణం, పంట సాయం, కొన్నిసార్లు భూమినే కోల్పోతుంది. నష్టం ఎంత పెద్దదో దిద్దుబాటు దారి అంత దగ్గరగా ఉండాలి.

అలంపురంలో తిరిగి నిలిచిన కూడవెల్లి ఆలయంలో ప్రతి రాయీ తన పాత స్థానాన్ని గుర్తుంచుకుని కొత్త చోటికి చేరింది. ముంపు ప్రాంత రైతు పేరు పక్కనున్న వరుసకు కూడా అంతటి జాగ్రత్త దక్కాలి. ఆ జాగ్రత్తను తెర ద్వారా చేస్తారా, చేతితో చేస్తారా అన్నది ఆ తరువాతి ప్రశ్న.